రింగులో రెండోసారి వచ్చిన కబురు



ఊరి బయట, రోడ్డు పక్కన, కరెంటు సబ్‌స్టేషన్ మీరు చూసే ఉంటారు. ఇనుప స్తంభాలు, పింగాణీ డిస్కులు, నేలంతా కంకర, ఓ మూల కంట్రోల్ రూము. గాలివానకు ఎక్కడో ఓ చెట్టుకొమ్మ లైను మీద పడిందనుకోండి. రిలే అనే పరికరం ఆ సంగతి పసిగడుతుంది. వెంటనే బ్రేకర్‌కు కబురు పంపాలి. ట్రిప్ అవ్వు, కరెంటు ఆపు అని. ఆ కబురు చేరడానికి ఉన్న వ్యవధి కొన్ని మిల్లీసెకన్లు. సెకనులో వెయ్యో వంతును మిల్లీసెకను అంటాం. మనం రెప్ప వేసి తెరిచేలోగా ఇలాంటి కబుర్లు పదులకొద్దీ వెళ్ళిపోవచ్చు.

పాత సబ్‌స్టేషన్లలో ఈ కబురు రాగి తీగల మీద వెళ్ళేది. ఒక్కో పనికి ఒక్కో తీగల జత. ఇప్పుడు కడుతున్న డిజిటల్ సబ్‌స్టేషన్లలో నెట్‌వర్క్ మీద వెళుతుంది. కొన్నిచోట్ల ఆ నెట్‌వర్క్‌ను రింగుగా కడతారు. మొదటి పరికరం నుంచి రెండోదానికి కేబుల్. రెండోదాని నుంచి మూడోదానికి. అలా పోయి పోయి, చివరిదాని నుంచి మళ్ళీ మొదటిదానికి. కబురు పంపే పరికరం ఒకే కబురును రెండు కాపీలు తీస్తుంది. ఒకటి కుడివైపు పంపుతుంది, ఒకటి ఎడమవైపు. ఒకవైపు కేబుల్ తెగినా రెండోవైపు నుంచి కబురు చేరుతుంది. ఏర్పాటు బాగానే ఉంది.

మరి ఏ కేబులూ తెగనప్పుడో? రెండు కాపీలూ చేరతాయి. ఒకే ఆజ్ఞ రెండుసార్లు వస్తుంది. మొదటిది తీసుకోవాలి, రెండోది వదిలెయ్యాలి. రెండోది అని ఆ పరికరానికి ఎలా తెలుస్తుంది? వదిలెయ్యకపోతే ఏమవుతుంది?

ఈవేళ నేను మాట్లాడబోయేది ఆ వదిలెయ్యడం గురించే. నెట్‌వర్కుల గురించి ఎవరు చెప్పినా పంపడం, అందుకోవడం గురించే చెబుతారు. రింగులో మాత్రం అసలు పని వదిలెయ్యడంలో ఉంది. రింగులో కూర్చున్న పరికరం తన దగ్గరికి వచ్చిన ప్రతి కబురునూ మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఇది నాకు వచ్చిందా? ఇది నేను పంపిందేనా? ఇది ఇంతకుముందే చూశానా? ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. నాకు వచ్చిందా, నేను పంపిందా, ముందే చూశానా. మళ్ళీ మళ్ళీ వీటి దగ్గరికే వస్తాం.

ముందుగా ఫ్రేము అంటే ఏమిటో చెప్పుకోవాలి. మీ కంప్యూటర్ నుంచి కేబుల్ మీదికి సమాచారం ధారగా పోదు. ముక్కలు ముక్కలుగా పోతుంది. ఆ ముక్కే ఫ్రేము. ముందు భాగంలో ఎవరికి చేరాలో ఉంటుంది. ఆ వెంటనే ఎవరు పంపారో ఉంటుంది. తర్వాత అసలు సరుకు. చిట్టచివర ఒక లెక్క. పంపే పరికరం ఫ్రేములోని బిట్లన్నిటినీ కలిపి ఆ లెక్క కట్టి రాస్తుంది. అందుకునే పరికరం మళ్ళీ అదే లెక్క కడుతుంది. రెండూ కలవకపోతే ఫ్రేము దారిలో ఎక్కడో చెడిందని అర్థం. చెడినదాన్ని అక్కడికక్కడే పారేస్తుంది. పంపినవాళ్ళకు చెప్పదు కూడా.

ఇలా వదిలెయ్యడం మీ ఇంట్లో ఉన్న లాప్‌టాప్ కూడా చేస్తుంది. అందులోని నెట్‌వర్క్ కార్డుకు పుట్టుకతో వచ్చిన అడ్రసు ఒకటి ఉంటుంది. 48 బిట్ల అడ్రసు. వచ్చిన ఫ్రేము మీద ఆ అడ్రసు ఉంటే తీసుకుంటుంది. లేకపోతే వదిలేస్తుంది. అందరికీ అని రాసి ఉంటే తీసుకుంటుంది. ఫలానా గుంపుకి అని రాసి ఉంటే, తాను ఆ గుంపులో ఉందో లేదో చూసుకుంటుంది. ఇక్కడో ముచ్చట చెప్పాలి. మామూలు కేబుల్ నెట్‌వర్కుల పద్ధతి అయిన ఈథర్‌నెట్‌లో అడ్రసు తీగ మీద బిట్టు బిట్టుగా వస్తుంది కదా, అందులో మొట్టమొదట వచ్చే బిట్టే ఇది ఒక్కరికా, గుంపుకా అన్నది చెప్పేస్తుంది. సున్నా అయితే ఒక్కరికి. ఒకటి అయితే గుంపుకి. మిగతా 47 బిట్లు ఇంకా దారిలో ఉండగానే కార్డుకు ఆ సంగతి తెలిసిపోతుంది. ఈ అమరిక ఆలోచించినవాళ్ళకు తీగ మీద కాలం ఎంత విలువైనదో బాగా తెలుసు.

ఇదంతా మొదటి ప్రశ్న. ఇది నాకు వచ్చిందా? మామూలు నెట్‌వర్క్‌లో కార్డుకు ఈ ఒక్క ప్రశ్న చాలు. ఎందుకంటే మామూలు కేబుల్‌కు చివర ఉంటుంది. ఎవరికీ అక్కరలేని ఫ్రేము ఆ చివరకు పోయి అంతమైపోతుంది. రింగుకు చివర లేదు. అక్కడే చిక్కు. ఎవరూ తియ్యని ఫ్రేము తిరుగుతూనే ఉంటుంది. ఒక చుట్టు, రెండో చుట్టు, వెయ్యో చుట్టు. దానికి అలసట లేదు.

మరి అంత చిక్కు ఉంటే రింగు ఎందుకు కట్టడం అంటారా? జేసీబీ వల్ల. నేను వేళాకోళానికి అనడం లేదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడో, నీళ్ళ పైపు వేసేటప్పుడో జేసీబీ పన్ను తగిలితే చాలు, భూమిలో ఉన్న ఫైబర్ పుటుక్కున తెగుతుంది. ఒకే దారి ఉంటే ఆ దారి చివర ఉన్న ఊళ్ళన్నిటికీ నెట్ పోయినట్టే. రింగులో అయితే రెండోవైపు నుంచి దారి ఉంటుంది. మన పంచాయతీలకు ఫైబర్ వేసే భారత్‌నెట్ పథకంలో, ఇకపై పంచాయతీలను రింగుగా కలపాలని 2023లో కేంద్రం నిర్ణయించింది అందుకే. అక్కడ లోపల వాడే పద్ధతులు వేరు. ఇప్పుడు నేను చెప్పేవి కావు. కానీ రింగు కోరుకోవడానికి కారణం మాత్రం అదే. తెగినా చేరాలి.

రింగు కట్టాలన్న ఆలోచన కొత్తది కాదు. 1970ల్లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ బృందం ఒక రింగు కట్టింది. 1949లో ఎడ్‌శాక్ అనే కంప్యూటర్‌ను నడిపించిన విల్క్సే ఈయన. కేంబ్రిడ్జి రింగు అనే పేరు దానికి స్థిరపడిపోయింది. అందులో తిరిగే ఫ్రేము చాలా చిన్నది. ఒక్కో విడతకు మోసే సరుకు రెండే రెండు బైట్లు. ఇంగ్లీషు అక్షరాల్లో చెప్పాలంటే రెండక్షరాలు, అంతే. ఒక ఉత్తరం పంపాలంటే వందల విడతలు.

ఇప్పుడు ఒక చిక్కు ఊహించండి. ఒక యంత్రం నుంచి నాకు ఉత్తరం రెండేసి అక్షరాల చొప్పున వస్తోంది. మధ్యలో ఇంకో యంత్రం కూడా నాకే ఏదో పంపడం మొదలుపెట్టింది. ఇద్దరి అక్షరాలూ కలగాపులగం అయిపోతాయి. విల్క్స్ బృందం దీనికి చక్కటి ఉపాయం చేసింది. అందుకునే ప్రతి స్టేషన్‌లోనూ ఒక చిన్న గడి పెట్టారు. నేను ఎవరి మాట వింటాను అన్నది ఆ గడిలో రాసుకోవచ్చు. ఫలానా స్టేషన్ మాట మాత్రమే వింటాను అనవచ్చు. ఎవరు పంపినా వింటాను అనవచ్చు. ప్రస్తుతానికి ఎవరి మాటా వినను అని కూడా అనవచ్చు. అంటే, ఇది నాకు వచ్చిందా అని అడిగి ఊరుకోవడం లేదు. నాకు వచ్చినా సరే, వీళ్ళ దగ్గర నుంచి నాకు ఇప్పుడు కావాలా అని కూడా అడుగుతోంది.

నాకు ఇంకా నచ్చింది, వద్దన్న సంగతి పంపినవాళ్ళకు చెప్పడం. ఆ చిన్న ఫ్రేములో రెండు బిట్లు జవాబు కోసం ఉంచారు. ఫ్రేము చుట్టు తిరిగి పంపినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ రెండు బిట్లలో నాలుగు జవాబుల్లో ఏదో ఒకటి ఉంటుంది. తీసుకున్నాను. ఇప్పుడు తీరిక లేదు. నీ మాట వినడం లేదు. నాలుగోది, ఆ అడ్రసులో అసలు ఎవరూ లేరు. మన ఆఫీసుల్లో అర్జీ పెట్టుకున్నవాళ్ళకు ఈ నాలుగింటిలో ఏదో ఒకటి అదే రోజు దొరికితే ఎంత బాగుండునో!

కేంబ్రిడ్జి రింగు ఎక్కువగా విశ్వవిద్యాలయాలకే పరిమితమైంది. ఆఫీసుల్లోకి రింగును తీసుకొచ్చింది ఐబీఎం. 1985లో టోకెన్ రింగ్ అనే పేరుతో అమ్మకానికి పెట్టింది. సెకనుకు 4 మెగాబిట్ల వేగం. తర్వాత కొన్నేళ్ళకు 16 మెగాబిట్లు. చూడ్డానికి అది రింగులా ఉండేది కాదు. గదిలోని కంప్యూటర్లన్నిటి నుంచి కేబుళ్ళు ఒక పెట్టె దగ్గరికి వచ్చేవి. రింగు ఆ పెట్టె లోపల ఉండేది. ఒక కంప్యూటర్ రింగులో చేరాలంటే కేబుల్ మీద చిన్న వోల్టేజి పంపేది. పెట్టెలో రిలే, అంటే ఇక్కడ కరెంటుతో కదిలే చిన్న మీట, కటక్‌మని చప్పుడు చేసి దాన్ని రింగులోకి కలిపేది. ఆ కంప్యూటర్ ఆపేస్తే రిలే వెనక్కి పడి, ఆ ఖాళీ దానంతట అదే పూడిపోయేది.

దాని పద్ధతి మీకు తేలిగ్గా అర్థం కావాలంటే మన బడికి వెళదాం. హెడ్మాస్టరు గారు నోటీసు పుస్తకంలో ఒక నోటీసు రాస్తారు. అటెండరు ఆ పుస్తకం పట్టుకుని క్లాసు క్లాసుకీ తిరుగుతాడు. ఎవరికి సంబంధించిన నోటీసో ఆ మాస్టారు చదువుకుని సంతకం పెడతారు. పుస్తకాన్ని మాత్రం తన దగ్గర ఉంచుకోరు. అది మిగతా క్లాసులన్నీ తిరిగి చివరికి హెడ్మాస్టరు గారి బల్ల మీదికే వస్తుంది. ఆయన సంతకం చూసుకుని ఆ పని ముగిసిందనుకుంటారు. టోకెన్ రింగ్ అచ్చంగా ఇదే.

అంటే, ఫ్రేము ఎవరికైతే వచ్చిందో ఆ కంప్యూటర్ దాన్ని రింగులోంచి తియ్యదు. కాపీ తీసుకుంటుంది, అంతే. పోతూ పోతూ ఉన్న ఫ్రేములోనే రెండు గుర్తులు మారుస్తుంది. అడ్రసు నాదే అన్నది ఒక గుర్తు. కాపీ చేసుకున్నాను అన్నది రెండోది. రెండు గుర్తులు ఎందుకు? అడ్రసు నాదే అయినా ఆ క్షణంలో దాచుకోవడానికి చోటు లేకపోవచ్చు. అప్పుడు మొదటి గుర్తు పడుతుంది, రెండోది పడదు. పంపినవాళ్ళకు సంగతి తెలుస్తుంది. మనిషి ఉన్నాడు, తీసుకోలేదు, మళ్ళీ పంపాలి అని.

దగ్గరగా చూస్తే ఇందులో ఓ తమాషా ఉంది. ఫ్రేము చివర లెక్క ఉంటుందని చెప్పాను కదా. ఈ సంతకాల గుర్తులు ఆ లెక్క తర్వాత వస్తాయి. ఎందుకంటే దారిలో మారే గుర్తులను లెక్కలో కలిపితే, మార్చిన ప్రతిసారీ లెక్క తప్పుతుంది. కానీ లెక్క బయట ఉన్నదానికి కాపలా ఉండదు. గుర్తే దారిలో చెడిపోతే? అందుకని ప్రతి గుర్తునూ రెండేసి చోట్ల వేశారు. రెండూ ఒకేలా ఉంటేనే నమ్మాలి. ఖర్చు కొద్ది బిట్లు.

ఇప్పుడు రెండో ప్రశ్న దగ్గరికి వచ్చాం. ఇది నేను పంపిందేనా? టోకెన్ రింగ్‌లో ఫ్రేమును తీసెయ్యాల్సింది పంపిన కంప్యూటరే. చుట్టు తిరిగి తన ఫ్రేము తన దగ్గరికి రాగానే దాన్ని ముందుకు పోనివ్వదు. గుర్తులు చూసుకుని అక్కడితో ఆపేస్తుంది. ఎవరు పెట్టారో వాళ్ళే తియ్యాలి. రూలు చాలా సబబుగా ఉంది.

మరి పెట్టినవాళ్ళే లేకపోతే? ఫ్రేము పంపిన మరుక్షణం ఆ కంప్యూటర్‌ను ఎవరో ఆపేశారనుకోండి. ఫ్రేము చుట్టు తిరిగి వచ్చేసరికి తియ్యాల్సినవాళ్ళు లేరు. ఇక అది అనాథ. టోకెన్ రింగ్‌లో ఇలాంటివాటి కోసం ఒక కంప్యూటర్‌కు కాపలా పని అప్పగిస్తారు. మానిటర్ అంటారు దాన్ని. తన ముందు నుంచి పోయే ప్రతి ఫ్రేములోనూ అది ఒక బిట్టును ఒకటి చేస్తుంది. ఆ బిట్టు ఒకటిగా ఉన్న ఫ్రేము మళ్ళీ తన ముందుకు వచ్చిందంటే అర్థమేమిటి? ఒక చుట్టు పూర్తయినా దాన్ని ఎవరూ తియ్యలేదని. వెంటనే రింగును శుభ్రం చేసి కొత్త టోకెన్‌ను, అంటే పంపే వంతు ఇచ్చే చిన్న ఫ్రేమును, వదులుతుంది. మానిటరే చెడిపోతే? మిగతా కంప్యూటర్లు తమలో తాము తేల్చుకుని కొత్త మానిటర్‌ను ఎన్నుకుంటాయి.

గమనించారా? ముందే చూశానా అన్న మూడో ప్రశ్న ఇక్కడ పుట్టింది. కానీ ఆ ప్రశ్న అడిగేది రింగు మొత్తం మీద ఒక్కరే. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

తర్వాత ఎఫ్‌డీడీఐ అని ఫైబర్ రింగు వచ్చింది. సెకనుకు 100 మెగాబిట్లు, ఎదురెదురుగా తిరిగే రెండు రింగులు. దాని గురించి ఇంతకంటే చెప్పను. ఎందుకంటే అప్పటికే ఈథర్‌నెట్ చవకగా దొరుకుతోంది. చవకైనది గెలిచింది. టోకెన్ రింగ్ ఎంత పద్ధతిగా ఉన్నా ఆఫీసుల్లోంచి వెళ్ళిపోయింది.

ఈథర్‌నెట్ గెలిచింది కానీ, రింగు అంటే దానికి చచ్చేంత భయం. కేబుళ్ళన్నీ వచ్చి కలిసే ఈథర్‌నెట్ స్విచ్ అనే పెట్టెలో రెండు పోర్టులను మీరు ఓ కేబుల్‌తో కలిపేస్తే చాలు, గొడవ మొదలవుతుంది. అందరికీ అని రాసి ఉన్న ఫ్రేము ఒకటి వస్తే, స్విచ్ దాన్ని, వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్ని పోర్టుల మీదా పంపుతుంది. అది తిరిగి వస్తుంది. మళ్ళీ పంపుతుంది. ఇన్ని చుట్లు తిరిగాక చావు అని రాసుకోవడానికి ఈథర్‌నెట్ ఫ్రేములో చోటే లేదు. ఇంటర్నెట్ ప్యాకెట్‌కు ఆ లెక్క ఉంది, ఈథర్‌నెట్ ఫ్రేముకు లేదు. మూడు ప్రశ్నల్లో చివరి రెండూ మామూలు స్విచ్ అడగదు. నేను పంపిందేనా అని అడగదు. ముందే చూశానా అని అడగదు. కాసేపట్లో నెట్‌వర్క్ మొత్తం ఆ ఫ్రేముల కాపీలతో నిండిపోతుంది. స్విచ్ మీది దీపాలన్నీ ఒక్కసారిగా విడవకుండా మెరుస్తుంటే, నెట్‌వర్క్ పని తెలిసినవాళ్ళు ముందు కేబుళ్ళకేసి చూస్తారు.

1985లో అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ దీనికి ఒక మందు కనిపెట్టారు. స్పానింగ్ ట్రీ అంటారు. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని, రింగు ఎక్కడ ఏర్పడిందో పసిగట్టి, ఒక పోర్టును మూసేస్తాయి. కేబుల్ అక్కడే ఉంటుంది. పోర్టు కూడా బతికే ఉంటుంది. కానీ మామూలు ఫ్రేము వస్తే పారేస్తుంది. స్విచ్‌లు తమలో తాము పంపుకునే మాటలను మాత్రం వింటుంది. ఇంకోచోట కేబుల్ తెగిందన్న సంగతి తెలిస్తే ఆ పోర్టు తెరుచుకుంటుంది. అంటే చూపుకు రింగు, నడవడానికి రింగు కాదు.

ఇప్పటికీ ఎన్నో నెట్‌వర్కులు దీని మీద నడుస్తున్నాయి. అయినా దీనికీ హద్దులున్నాయి. 2002 నవంబరులో బోస్టన్ నగరంలోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆస్పత్రిలో నెట్‌వర్క్ కుప్పకూలింది. ఏళ్ళ తరబడి ఒక స్విచ్‌కు ఇంకో స్విచ్ తగిలించుకుంటూ పోయారు. స్పానింగ్ ట్రీ సంభాళించగల దూరం దాటిపోయింది. భారం పెరిగిన ఓ రోజు అది తట్టుకోలేకపోయింది. ఫ్రేములు సుడి తిరగడం మొదలైంది. నాలుగు రోజులు. డాక్టర్లు మళ్ళీ కాగితం, కలం పట్టుకున్నారు. ల్యాబు రిపోర్టులు మనుషులు చేతుల్లో మోసుకెళ్ళారు. ఆ ఆస్పత్రి సమాచార విభాగం పెద్ద జాన్ హలమ్కా జరిగిందంతా దాచకుండా బయటపెట్టారు. వేరే ఆస్పత్రులు దాన్ని చూసి జాగ్రత్తపడ్డాయి. అలాంటివాళ్ళు అరుదు.

సరే, మన సబ్‌స్టేషన్‌కు వద్దాం. స్పానింగ్ ట్రీ పాత పద్ధతిలో దారి మార్చుకోవడానికి అర నిమిషం దాకా పట్టేది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తర్వాతి పద్ధతులు దాన్ని బాగా తగ్గించాయి. టెలిఫోన్ కంపెనీల ఈథర్‌నెట్ రింగులకు 50 మిల్లీసెకన్ల గడువు పెట్టుకున్నారు. మనం ఫోన్‌లో మాట్లాడుతుంటే 50 మిల్లీసెకన్ల ఖాళీ చెవికి పెద్దగా తెలియదు. సబ్‌స్టేషన్‌కు అది కూడా ఎక్కువే. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కదా. అంటే ఒక్కో ఊగుకు 20 మిల్లీసెకన్లు. లైను మీద ఫాల్టు ఉండగా ఊగులు ఊరికే పోనిచ్చేకొద్దీ పరికరాలకు ముప్పు పెరుగుతుంది.

అందుకని హెచ్‌ఎస్‌ఆర్ అనే పద్ధతి వచ్చింది. ఐఈసీ 62439-3 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉంది. ఇందులో దారి మార్చుకోవడం అన్నదే లేదు. మొదటినుంచీ రెండు దారుల్లోనూ పంపుతారు. ఏ పోర్టునూ మూయరు. రింగు నిజంగానే రింగుగా తిరుగుతుంది. మరి సుడి తిరగదా? తిరగదు. ఎందుకంటే ఇక్కడ ప్రతి పరికరమూ మూడు ప్రశ్నలూ అడుగుతుంది. టోకెన్ రింగ్‌లో ఒక్క మానిటర్ అడిగిన ప్రశ్నను ఇక్కడ అందరూ అడుగుతారు.

ఎలా అడుగుతారో చూద్దాం. ఫ్రేము పంపేటప్పుడు పరికరం అందులో ఆరు బైట్ల చీటీ ఒకటి చేరుస్తుంది. అందులో ముఖ్యమైనది వరస సంఖ్య. ఈ ఫ్రేముకు ఒక సంఖ్య, తర్వాతిదానికి ఇంకొకటి. ఒకే ఫ్రేము రెండు కాపీల మీదా ఒకే సంఖ్య. అవి రెండువైపులా బయలుదేరతాయి.

దారిలో ఉన్న ఒక పరికరం దగ్గరికి కాపీ వచ్చింది. మొదటి ప్రశ్న. ఇది నాకు వచ్చిందా? నాకు ఒక్కదానికే వచ్చిందైతే తీసుకుంటాను, ముందుకు పంపను. గుంపుకు వచ్చిందైతే తీసుకుంటాను, ముందుకూ పంపుతాను. నాది కాకపోతే పంపుతాను, అంతే. రెండో ప్రశ్న. ఇది నేను పంపిందేనా? పంపినవాళ్ళ అడ్రసు నాదే అయితే అది చుట్టు పూర్తి చేసుకుని వచ్చిందన్నమాట. ఆపేస్తాను. మూడో ప్రశ్న. ఇది ముందే చూశానా? పంపినవాళ్ళ అడ్రసు, వరస సంఖ్య, ఈ రెండూ కలిపి చూస్తాను. ఈ జతను ఇదివరకే పైకి తీసుకుని ఉంటే మళ్ళీ తీసుకోను. ఇదే వైపుకు ఇదివరకే పంపి ఉంటే మళ్ళీ పంపను.

ఇప్పుడు అనాథ ఫ్రేము సంగతి చూడండి. సబ్‌స్టేషన్లో ట్రిప్ కబుర్లు గుంపుకు వెళ్ళే రకం. వాటిని గూస్ సందేశాలంటారు. గుంపుకు వెళ్ళేదాన్ని అందుకున్నవాళ్ళు ఎవరూ ఆపరు. పంపినవాళ్ళే ఆపాలి. పంపిన రిలే ఆ క్షణంలోనే చెడి, తన ఫ్రేమును తానే గుర్తుపట్టలేక ముందుకు పోనిచ్చిందనుకుందాం. ఫ్రేము రెండో చుట్టు మొదలుపెడుతుంది. మొదటి పొరుగు పరికరం దగ్గరికి రాగానే ఆగిపోతుంది. ఇది ముందే ఇటువైపు పంపాను అని ఆ పరికరానికి గుర్తుంది కాబట్టి. ఎన్నికలు లేవు, మానిటర్ లేదు. ఎవరి గుమ్మం దగ్గర వాళ్ళు కాపలా.

గుర్తుంది అన్నాను. ఇక్కడే అసలు కష్టం. ఎంతకాలం గుర్తుంచుకోవాలి? వరస సంఖ్యకు 16 బిట్లే ఉన్నాయి. అంటే 65,536 సంఖ్యలయ్యాక మళ్ళీ సున్నా నుంచి మొదలు. పాత జ్ఞాపకం అలాగే ఉండిపోతే, కొత్త ఫ్రేమును పాతదనుకుని పారేసే ప్రమాదం ఉంది. ట్రిప్ కబురును అలా పారేస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుకని ప్రమాణంలో ఒక గడువు పెట్టారు. చూసిన ఫ్రేమును 400 మిల్లీసెకన్లు గుర్తుంచుకో. ఆ తర్వాత మరిచిపో.

ఇంకో చిక్కు. ఒక రిలేను ఆపి మళ్ళీ వేశారు. అది వరస సంఖ్యను మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టవచ్చు. మిగతావాళ్ళకు ఆ సంఖ్యలు ఇంకా జ్ఞాపకం ఉంటే, ఇవి చూసినవే అని దాని మాట ఎవరూ పట్టించుకోరు. అందుకని కొత్తగా లేచిన పరికరం 500 మిల్లీసెకన్లు నోరు మెదపకూడదు. మిగతావాళ్ళు 400కే మరిచిపోతారు. ఇది 500 దాకా ఆగుతుంది. అప్పుడు మాట్లాడుతుంది. మరిచిపోవడానికి గడువు పెట్టి, ఆ గడువుకు ఇంకాస్త కలిపి మౌనానికి గడువు పెట్టిన మనుషులు, ఎక్కడో ఓ బల్ల చుట్టూ కూర్చుని ఎంత వాదించుకుని ఉంటారో అనిపిస్తుంది నాకు.

ఇంత జాగ్రత్త పడినా ఒక్కోసారి తప్పు జరగవచ్చు. అప్పుడు ఏ తప్పు నయం? రెండో కాపీని పొరపాటున తీసుకోవడమా, కొత్త ఫ్రేమును పొరపాటున పారేయడమా? ప్రమాణం సందేహం లేకుండా చెబుతుంది. కొత్తదాన్ని ఎన్నడూ పారేయకూడదు. అప్పుడప్పుడు రెండో కాపీ లోపలికి వచ్చినా ఫరవాలేదు. పై అంతస్తులో ఉన్న ప్రోగ్రాములు దాన్ని సర్దుకుంటాయి. గూస్ సందేశానికి దాని సంఖ్యలు దానికున్నాయి. వదిలెయ్యడమే పనిగా పెట్టుకున్న యంత్రానికి, అనుమానం వచ్చినప్పుడు వదలకు అని నేర్పారన్నమాట. ఈ పద్ధతి మొత్తంలో నాకు బాగా నచ్చిన నిర్ణయం ఇదే.

దీనికి ఖర్చు లేకపోలేదు. ప్రతి కబురూ రెండుసార్లు తిరుగుతుంది కాబట్టి కేబుల్ సామర్థ్యంలో సగం దానికే పోతుంది. మామూలు లాప్‌టాప్‌ను తెచ్చి ఈ రింగు మధ్యలో తగిలిస్తే పనిచెయ్యదు. దానికి చీటీ రాయడం రాదు, చదవడమూ రాదు. మధ్యలో రెడ్‌బాక్స్ అనే పెట్టె పెట్టాలి. అది లాప్‌టాప్ తరఫున చీటీలు రాసి పెడుతుంది. పైగా ఈ ప్రశ్నలన్నీ అడగడానికి తీరిక చాలా తక్కువ. 100 మెగాబిట్ల కేబుల్ మీద అతి చిన్న ఫ్రేము మొత్తం దాటిపోవడానికి పట్టేది సుమారు 5 మైక్రోసెకన్లు. సెకనును పది లక్షల వంతులు చేస్తే అందులో ఐదు. అందుకే ఈ పనిని చాలాచోట్ల ప్రోగ్రాముకు వదలకుండా నేరుగా చిప్పులోనే చెక్కేస్తారు.

ఇప్పుడు ఎవరూ అంతగా మాట్లాడని ఒక సంగతి. రింగులో ఒకచోట కేబుల్ తెగింది. ఏమవుతుంది? ఏమీ అవదు. కబుర్లన్నీ రెండోవైపు నుంచి చేరుతూనే ఉంటాయి. కంట్రోల్ రూములో టీ తాగుతున్న ఆపరేటర్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు. అందులోనే ప్రమాదం ఉంది. రెండు దారులున్నాయని ధీమాగా ఉంటాం. నిజానికి ఒకటే మిగిలింది. ఆ ఒకటీ తెగిన రోజున తెలుస్తుంది, మొదటిది ఎప్పుడో తెగిందని.

దీనికి మందు, పారేసే కాపీలోనే ఉంది. రెండో కాపీ వచ్చినప్పుడు పరికరం దాన్ని వదిలేస్తుంది, నిజమే. కానీ వదిలేముందు ఒక మాట రాసుకుంటుంది. ఫలానావారి ఫ్రేము ఈ పోర్టు మీద ఇప్పుడే వచ్చింది అని. సరుకు అక్కరలేదు, రాక కావాలి. పైగా ప్రతి పరికరమూ రెండు సెకన్లకోసారి, నేను బతికే ఉన్నాను అనే ఫ్రేమును రెండువైపులా పంపుతుంది. ఒక పోర్టు మీద ఫలానావారి రాక ఆగిపోయిందంటే, అటువైపు దారి పోయిందన్నమాట. పని ఏమీ చెడకుండానే అలారం మోగుతుంది. ఆ అలారాన్ని ఎవరైనా చూడాలి. చూడకుండా నొక్కేసి వదిలేస్తే ఈ తెలివంతా వృథా.

ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలు ఎవరైనా వింటుంటే వాళ్ళకో మాట. దీన్ని చూడడానికి సబ్‌స్టేషన్‌కు వెళ్ళక్కరలేదు. 2014 నుంచీ లినక్స్ కెర్నెల్‌లో హెచ్‌ఎస్‌ఆర్ ఉంది. ఒకే లాప్‌టాప్‌లో మూడు నేమ్‌స్పేస్‌లు పెట్టి, వర్చువల్ కేబుళ్ళతో వాటిని రింగుగా కలపండి. ఒకదాని నుంచి ఇంకోదానికి పింగ్ కొట్టండి. రింగువైపున్న రెండు పోర్టుల మీదా టీసీపీడంప్ పెట్టి చూస్తే, ఒకే ఫ్రేము ఒకే వరస సంఖ్యతో రెండువైపుల నుంచీ రావడం కనిపిస్తుంది. పైనున్న హెచ్‌ఎస్‌ఆర్ ఇంటర్‌ఫేసు మీద చూస్తే ఒక్కటే ఉంటుంది. పింగ్ నడుస్తుండగానే ఒక కేబుల్ ఆపేయండి. ఒక్క పింగ్ కూడా తప్పిపోదు. అప్పుడు నోడ్ టేబుల్ తెరిచి చూడండి. ఎవరి ఫ్రేము ఏ పోర్టు మీద ఆఖరిసారి ఎప్పుడు వచ్చిందో అందులో రెండు గడులు ఉంటాయి. ఒక గడిలో సంఖ్య మారుతూ ఉంటుంది. రెండో గడిలో ఆగిపోయి ఉంటుంది. మీరు ఆపిన కేబుల్ అటువైపు ఉంది.